పాత పొదల మొదళ్ళ తొలగింపు

పాత పొదల మొదళ్ళ తొలగింపు అనగా తోటలో ముదిరిపోయిన, ఎండిపోయిన లేదా అక్కరలేని పొదలను నరికిన తరువాత నేలలో మిగిలిన మోళ్ళను, వేళ్ళను బయటకు తీసి, ఆ స్థలాన్ని కొత్త మొక్కలకు సిద్ధం చేసే పని. పెరటి తోటలలోను, పాఠశాలల, దేవాలయాల ప్రాంగణాలలోను, పొలం గట్ల మీద పెరిగిన కంచెలను మార్చేటప్పుడు ఈ పని తరచుగా అవసరమవుతుంది. మందారం, గన్నేరు, నందివర్ధనం, గోరింట, కాగితపు పూల తీగ (బోగన్‌విల్లా), గులాబీ, మల్లె, కరివేప, దానిమ్మ, పులికంప, సర్కారు తుమ్మ వంటి వాటి మొదళ్ళు తెలుగు ప్రాంతాలలో ఎక్కువగా ఎదురవుతాయి.

ఇది కేవలం శారీరక శ్రమతో ముగిసే పనిగా కనిపిస్తుంది. నిజానికి ఏ మొక్క నేలలోని ఏ భాగం నుండి తిరిగి చిగురిస్తుందో తెలియకుండా త్రవ్వితే, ఎంత శ్రమించినా ఫలితం దక్కదు. కొన్ని మొక్కలలో నేలకు కొద్ది అంగుళాల దిగువన ఉన్న భాగాన్ని తీసివేస్తే చాలు, అడుగున మిగిలిన వేళ్ళు వాటంతట అవే కుళ్ళిపోతాయి. మరి కొన్నింటిలో వేరు తెగిన ప్రతి చోటు నుండి ఒక కొత్త మొక్క లేస్తుంది. ఈ తేడాను గుర్తించడమే మొదళ్ళ తొలగింపులో ముఖ్యమైన అంశం.

పదజాలం

ఈ పనికి సంబంధించి తెలుగులో వాడుకలో ఉన్న కొన్ని మాటలు:

- మొదలు: కాండము, వేరు కలిసే భాగం. ఇది నేలమట్టానికి కొద్దిగా పైన, కొద్దిగా దిగువన ఉంటుంది.
- మోడు: కొమ్మలు నరికివేయగా మిగిలిన కాండం. లావుగా ఉన్న మోడును మొద్దు అని కూడా అంటారు.
- తల్లివేరు: విత్తనం నుండి మొలిచిన మొక్కలో నిలువుగా లోతుకు దిగే ప్రధానమైన వేరు. దీనినే కూకటివేరు అని కూడా అంటారు. "కూకటివేళ్ళతో పెకలించు" అనే జాతీయం దీని నుండి వచ్చినదే.
- పిల్లవేళ్ళు: తల్లివేరు నుండి పక్కలకు వ్యాపించే వేళ్ళు.
- పిలకలు: మొదలు నుండి గాని, వేళ్ళ నుండి గాని లేచే కొత్త రెమ్మలు.
- పదును: త్రవ్వడానికి, దున్నడానికి అనువైన తేమ నేలలో ఉండే స్థితి.

కొమ్మ కత్తిరింపుల ద్వారా పెంచిన మందారం, గన్నేరు, నందివర్ధనం వంటి మొక్కలకు నిజమైన తల్లివేరు ఉండదు. వాటి వేళ్ళన్నీ కాండం అడుగు భాగం నుండి పుట్టిన అబ్బురపు వేళ్ళు. అవి ఎక్కువగా నేల పై పొరలలోనే వ్యాపించి ఉంటాయి. విత్తనం నుండి మొలిచిన సర్కారు తుమ్మ, జిల్లేడు, రేగు వంటి వాటి తల్లివేరు చాలా లోతుకు పోతుంది. కనుక ఒకే ఎత్తున్న రెండు పొదలలో ఒకదాని మొదలు అరగంటలో బయటకు వస్తే, రెండవ దానికి ఒక రోజంతా పట్టవచ్చును.

తొలగించవలసిన అవసరం

నరికిన పొద మొదలును అలాగే వదిలివేస్తే ఈ క్రింది ఇబ్బందులు ఏర్పడతాయి.

తిరిగి చిగురించడం: ముదిరిన పొద వేళ్ళలో పిండిపదార్థం నిల్వ ఉంటుంది. కొమ్మలను నరికివేసినప్పుడు ఈ నిల్వ అంతా మొదలు వద్దనున్న మొగ్గలను పెంచడానికి ఉపయోగపడుతుంది. అందువలన నరికిన పొద రెండు మూడు నెలలలోనే మునుపటికంటె గుబురుగా పెరగడం సాధారణం. దాని పక్కన నాటిన లేత మొక్క నీటి కోసం, ఎండ కోసం ఈ పాత వేళ్ళతో పోటీ పడలేదు.

తెగుళ్ళు: వేరుకుళ్ళు శిలీంధ్రాలు చచ్చిన వేళ్ళలోను, మోళ్ళలోను బ్రతికి ఉండి, పక్కన నాటిన మొక్కల వేళ్ళకు సోకుతాయి. కొబ్బరి తోటలలో గానోడెర్మా తెగులు సోకిన చెట్లను నరికినప్పుడు మొద్దులను, వేళ్ళను కూడా త్రవ్వి తీసివేయాలని వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెప్పడానికి కారణం ఇదే. తెగులుతో చచ్చిన పొద విషయంలో కూడా ఈ నియమమే వర్తిస్తుంది.

నులిపురుగులు: మెలాయిడోగైన్ జాతి నులిపురుగులు దానిమ్మ, జామ, మల్లె, వంగ, టమాటా వంటి అనేక మొక్కల వేళ్ళలో ముడులను కలిగిస్తాయి. పాత మొదలును తీసినప్పుడు సన్నని వేళ్ళ మీద పూసల వంటి ఉబ్బులు కనిపిస్తే ఈ పురుగు ఉన్నట్లు గుర్తించాలి. ఈ ఉబ్బులను, చిక్కుడు జాతి మొక్కల వేళ్ళమీద సహజంగా ఉండే నత్రజని బుడిపెలను ఒకటిగా పొరబడకూడదు. నత్రజని బుడిపెలు వేరుకు పక్కగా అంటుకొని, వేలితో నెట్టితే ఊడివస్తాయి. నులిపురుగు ఉబ్బులు వేరులోనే భాగంగా ఉండి ఊడిరావు.

పునర్నాటు సమస్య: పాత గులాబీని తీసిన గుంతలోనే మళ్ళీ గులాబీని నాటితే కొత్త మొక్క సరిగా ఎదగకపోవడం చాలా దేశాలలో గమనించిన విషయం. ఆపిల్ తోటలలో కూడా ఇదే జరుగుతుంది. పాత మొక్క వేళ్ళ చుట్టూ సంవత్సరాల తరబడి పెరిగిన శిలీంధ్రాలను, నులిపురుగులను, ఇతర సూక్ష్మజీవులను ముదిరిన మొక్క తట్టుకుంటుంది గాని, అదే జాతికి చెందిన లేత మొక్క తట్టుకోలేదు.

చెదలు: ఎండిన మోళ్ళు, వేళ్ళు చెదలకు ఆహారం. ఇంటి గోడకు దగ్గరగా ఉన్న ఎండు మొదలు నుండి చెదలు ఇంటి తలుపుల, కిటికీల కలపకు చేరే ప్రమాదమున్నది.

తిరిగి చిగురించే తీరు

మొదలు తీసే పద్ధతిని నిర్ణయించడానికి పొదలను మూడు రకాలుగా విభజించుకోవచ్చును.

మొదలు నుండి చిగురించేవి: మందారం, గన్నేరు, నందివర్ధనం, గోరింట, దానిమ్మ, పులికంప ఈ రకానికి చెందినవి. వీటిలో తిరిగి చిగురించే మొగ్గలు కాండం అడుగున, నేలమట్టానికి చేరువలో గుంపుగా ఉంటాయి. ఈ భాగాన్ని పూర్తిగా తీసివేస్తే దిగువనున్న లావు వేళ్ళు మిగిలినా సాధారణంగా చిగురించవు.

లోతైన మొదలు నుండి చిగురించేవి: సర్కారు తుమ్మ దీనికి మంచి ఉదాహరణ. సీమ తుమ్మ, సర్కారు కంప అని కూడా పిలువబడే ఈ మొక్క అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతాలకు చెందినది. 19వ శతాబ్దం చివరి పాదంలో వంటచెరకు కోసం భారతదేశంలో దీనిని నాటించారు. ఆనాటి మద్రాసు ప్రెసిడెన్సీలో మొదట నాటిన ప్రాంతాలలో కడప జిల్లా ఒకటి. దీని మొగ్గలు నేలలో కొంత లోతు వరకు ఉంటాయి. నేలమట్టానికి నరికితే ఒక్క కాండం స్థానంలో పది కాండాలు లేచి దట్టమైన కంపగా మారడం రాయలసీమ, పల్నాడు, తెలంగాణ మెట్ట ప్రాంతాల రైతులకు తెలిసిన విషయమే. దీనిని కనీసం ఒక అడుగు లోతున తల్లివేరు తెగేటట్లు తీయాలి.

వేళ్ళ నుండి పిలకలు వేసేవి: కరివేప, రేగు ఈ రకానికి చెందినవి. వీటి పిల్లవేళ్ళు గాయపడినచోట అబ్బురపు మొగ్గలు ఏర్పడి, వాటినుండి కొత్త మొక్కలు లేస్తాయి. పెంపకందారులు కరివేప పిలకలను వేరుచేసి నాటడం కూడా ఈ గుణం వల్లనే సాధ్యమవుతున్నది. ఇటువంటి మొక్కల మొదలును పీకి, పిల్లవేళ్ళను ముక్కలుగా నేలలో వదిలివేస్తే పిలకల సంఖ్య తగ్గకపోగా పెరుగుతుంది. కనుక వీటి పక్క వేళ్ళను అవి సాగిన దిశలో వెంబడించి, పొడవుగా బయటకు లాగాలి. వెదురు పొద కాకపోయినా, దాని భూగర్భ కాండం (కొమ్ము) విషయంలో కూడా ఇదే జాగ్రత్త అవసరం.

అంటుకట్టిన గులాబీలో మరొక విశేషమున్నది. పై భాగం ఎండిపోయినా, అడుగున ఉన్న వేరుమూలం బ్రతికి ఉండి అడవి గులాబీ రెమ్మలను వేస్తుంది. ఇవి వాడిగా పెరిగినా కోరిన రంగు పూలు పూయవు. అంటుకు దిగువన ఉన్న భాగమంతా తీసివేయడమే దీనికి మార్గం.

పులికంపపై జరిగిన కృషి

మొగ్గలు ఉండే చోటును గుర్తించి పనిచేయడం వలన కలిగే ప్రయోజనానికి పులికంప తొలగింపు ఒక నిదర్శనం. తలంబ్రాల చెట్టు అని కూడా పిలిచే ఈ మొక్క (లాంటానా కమారా) 19వ శతాబ్దం తొలినాళ్ళలో అలంకారం కోసం కలకత్తా వృక్షశాస్త్ర ఉద్యానానికి తేబడి, తరువాత దేశమంతటా అడవులలోకి వ్యాపించినది. నరకడం, కాల్చడం, యంత్రాలతో పెకలించడం వంటి పద్ధతుల తరువాత కూడా ఇది తిరిగి పెరిగేది.

ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్య సి. ఆర్. బాబు, ఆయన సహచరులు కార్బెట్ పులుల అభయారణ్యంలో ఒక సులభమైన పద్ధతిని అమలుచేసి, 2009లో దాని వివరాలను ప్రచురించారు. ఈ పద్ధతిలో పొదను పూర్తిగా త్రవ్వి తీయరు. చిగుళ్ళు పుట్టే భాగానికి దిగువన, అనగా నేలమట్టానికి సుమారు 3 నుండి 5 సెంటీమీటర్ల లోతున తల్లివేరును ప్రత్యేకమైన పారతో నరుకుతారు. తరువాత పొదను పైకెత్తి, మొదలు ఆకాశం వైపు ఉండేటట్లు తలక్రిందులుగా పెట్టి ఎండనిస్తారు. మొదలు నేలకు తగలనందున తిరిగి వేరూనదు. నేలను పెద్దగా కదిలించనందున అందులో ఉన్న పులికంప విత్తనాలు మొలకెత్తడం కూడా తగ్గుతుంది. ఖాళీ అయిన స్థలంలో స్థానికమైన గడ్డిజాతులను, మొక్కలను పెంచడం ఈ పద్ధతిలో తప్పనిసరి భాగం. పెరటి తోటలో ఒకటి రెండు పులికంప పొదలను తీయదలచినవారికి కూడా ఈ పద్ధతి ఉపయోగపడుతుంది.

తొలగించనక్కరలేని సందర్భాలు

ప్రతి మొదలును తీయవలసిన అవసరం లేదు. ఆరోగ్యంగా ఉండి, కేవలం ముదిరి వికారంగా పెరిగిన మందారం, గోరింట, కాగితపు పూల తీగ వంటి వాటిని నేలకు ఒకటి రెండు అడుగుల ఎత్తున నరికితే తిరిగి చక్కగా చిగురిస్తాయి. వాలు నేలలలోను, కాలువ ఒడ్డున, బావి అంచున ఉన్న పొదల వేళ్ళు మట్టిని పట్టి ఉంచుతాయి. వాటిని పెకలిస్తే మట్టి జారిపోవచ్చును. ప్రహరీ గోడ పునాదిని ఆనుకొని ఉన్న మొదలును బలవంతంగా లాగడం కంటె, పైకి కనిపించే భాగాన్ని కోసి, వచ్చిన చిగుళ్ళను ఎప్పటికప్పుడు త్రుంచడం మేలు. చిగురు కనిపించగానే తీసివేస్తూ ఉంటే వేళ్ళలోని నిల్వ ఆహారం క్రమంగా తరిగి మొదలు చచ్చిపోతుంది. దీనికి ఒకటి రెండు సంవత్సరాల ఓపిక అవసరం.

అనువైన కాలం, నేల స్వభావం

తెలుగు ప్రాంతాలలో మొదళ్ళు తీయడానికి వేసవి చివర, తొలకరికి ముందు కాలం అనువైనదిగా చెప్పవచ్చును. ఈ కాలంలో త్రవ్విన గుంత ఎండకు బాగా ఎండుతుంది. బయటపడిన వేళ్ళు తిరిగి నాటుకొనే అవకాశం ఉండదు. నైరుతి రుతుపవనాలు వచ్చేసరికి స్థలం నాటడానికి సిద్ధంగా ఉంటుంది.

అయితే ఎండిన నేలను త్రవ్వడం కష్టం. నేల రకాన్ని బట్టి ఈ క్రింది విధంగా పదును చేసుకోవాలి.

- ఎర్ర నేలలు, చల్కా నేలలు: ఎండినప్పుడు గట్టిపడతాయి. పనికి ముందు రోజు సాయంత్రం మొదలు చుట్టూ పాదు చేసి నీరు నింపాలి.
- నల్లరేగడి నేలలు: ఎండితే బీటలు వారి రాయివలె మారతాయి, తడిస్తే పనిముట్లకు అంటుకుంటాయి. నీరు పెట్టిన తరువాత రెండు మూడు రోజులు ఆగి, మట్టి చేతికి అంటుకోకుండా పొడిపొడిగా విరిగే స్థితిలో త్రవ్వాలి. మరీ తడిగా ఉన్నప్పుడు త్రొక్కితే నేల గట్టిపడి కొత్త మొక్క వేళ్ళు దిగవు.
- ఇసుక నేలలు: త్రవ్వడం సులభం. గుంత అంచులు జారిపోకుండా వెడల్పుగా త్రవ్వుకోవాలి.

పనిముట్లు

ఈ పనికి గడ్డపార (పలుగు, గునపం), పార, గొడ్డలి, రంపం, కొమ్మలు కత్తిరించే పెద్ద కత్తెర, మట్టి ఎత్తడానికి తట్ట, లాగడానికి మోకు అవసరం. మట్టిలో ఉన్న వేళ్ళను కోయడానికి మంచి రంపం వాడితే దాని పళ్ళు త్వరగా మొద్దుబారతాయి. అందుకు పాత రంపాన్ని గాని, గొడ్డలిని గాని వాడాలి. సన్నని వేళ్ళ చుట్టూ మట్టిని తొలగించడానికి బొరిగె ఉపయోగపడుతుంది.

చేతితో తొలగించే విధానం

మనిషి ఎత్తు వరకు పెరిగిన సాధారణ పొదను ఈ క్రింది క్రమంలో తీయవచ్చును.

1. ముందుగా పక్క కొమ్మలన్నింటిని కత్తిరించాలి. లావుగా ఉన్న కాండాలను మాత్రం నేలమట్టానికి కోయకుండా రెండు నుండి మూడు అడుగుల పొడవున ఉంచాలి. ఈ పొడవే తరువాత మొదలును కదిలించడానికి మీటగా పనిచేస్తుంది. మొదటనే పొట్టిగా నరికివేయడం వలన పని రెండింతలు కష్టమవుతుంది.
2. మొదలు నుండి ఒకటిన్నర నుండి రెండు అడుగుల దూరంలో చుట్టూ ఒక అడుగు లోతున కందకం త్రవ్వాలి. త్రవ్విన మట్టిని పని చేసే స్థలానికి దూరంగా, పై మట్టిని ఒకవైపు, అడుగు మట్టిని మరొకవైపు వేయాలి.
3. కందకం నుండి లోపలికి మట్టిని తొలుస్తూ పిల్లవేళ్ళను బయటపెట్టాలి. అవసరమైతే నీటిగొట్టంతో మట్టిని కడిగితే వేళ్ళు స్పష్టంగా కనిపిస్తాయి.
4. ప్రతి లావు వేరును రెండు చోట్ల, అనగా మొదలు దగ్గర ఒకసారి, కందకం అంచున ఒకసారి కోసి, మధ్య ముక్కను తీసివేయాలి. ఒక్కచోటనే కోస్తే తరువాత గడ్డపార ఆడించడానికి చోటు ఉండదు. వేళ్ళ నుండి పిలకలు వేసే మొక్కలకు మాత్రం కందకం అంచున కోయకుండా వేరును చివరి వరకు వెంబడించాలి.
5. మిగిలిన కాండాన్ని పట్టుకొని నాలుగు వైపులకు ఊపాలి. ఏ వైపు కదలడం లేదో ఆ వైపు ఇంకా వేరు పట్టి ఉన్నదని అర్థం. ఆ వైపు మళ్ళీ త్రవ్వి కోయాలి.
6. మొదలును ఒక పక్కకు వంచి, దాని క్రింద ఉన్న తల్లివేరును గొడ్డలితో నరకాలి. గడ్డపార క్రింద రాయిని గాని, దుంగను గాని ఆనికగా పెట్టి మీటితే మొదలు పైకి లేస్తుంది.
7. బయటకు తీసిన మొదలుకు అంటిన మట్టిని గుంతలోనే దులిపి, గుంతలో మిగిలిన వేరుముక్కలను ఏరివేయాలి.

మోకుతో లాగవలసి వస్తే, మొదలుకు ఎదురుగా ఒక పలకను గాని, పాత టైరును గాని నిలబెట్టి దాని మీదుగా మోకును పోనిచ్చి లాగాలి. అప్పుడు లాగే బలం అడ్డంగా కాక పైకి పనిచేస్తుంది. పూర్వం బరువైన మొద్దులను ఎద్దుల చేత లాగించేవారు. తరువాతి కాలంలో ట్రాక్టర్లు ఆ స్థానంలోకి వచ్చాయి.

యంత్రాల వాడకం

కంచె పొడవునా ఉన్న పొదలను గాని, సర్కారు తుమ్మతో నిండిన స్థలాన్ని గాని శుభ్రం చేయడానికి జేసీబీ వంటి త్రవ్వక యంత్రాలను ఉపయోగిస్తారు. పని త్వరగా ముగుస్తుంది. కాని యంత్రం బరువుకు నేల గట్టిపడుతుంది, సారవంతమైన పై మట్టి అడుగుకు పోయి, నిస్సారమైన అడుగు మట్టి పైకి వస్తుంది. యంత్రం వేళ్ళను తెంపుతుందే గాని ఏరదు. కనుక వేళ్ళ నుండి పిలకలు వేసే మొక్కలున్న చోట యంత్రం తరువాత మనుషులతో వేళ్ళను ఏరించడం తప్పనిసరి. మొద్దులను నేలలోనే తురిమివేసే యంత్రాలు కూడా ఉన్నవి. ఇవి నేలమట్టానికి కొన్ని అంగుళాల దిగువ వరకు మాత్రమే తురుముతాయి.

కుళ్ళబెట్టడం, కాల్చడం, రసాయనాలు

త్రవ్వడానికి వీలులేని చోట మోడును నేలమట్టానికి కోసి, పైభాగంలో రంధ్రాలు చేసి, మట్టితోను, తడి పేడతోను కప్పి కుళ్ళనిస్తారు. చచ్చిన మోడులో మాత్రమే ఇది పనిచేస్తుంది. బ్రతికి ఉన్న మోడు కుళ్ళడానికి బదులు చిగురిస్తుంది. ఈ విధంగా పూర్తిగా కుళ్ళడానికి సంవత్సరాలు పడుతుంది.

ఉప్పు, కిరోసిన్, యాసిడ్, వాడిన ఇంజన్ నూనె వంటివి పోయడం వాడుకలో ఉన్న చెడు పద్ధతులు. ఇవి మొదలును చంపినా చంపకపోయినా, చుట్టూ ఉన్న నేలను పాడుచేస్తాయి. ఉప్పు చేరిన మట్టిలో కొత్త మొక్క వేళ్ళు నీటిని పీల్చుకోలేవు. తిరిగి నాటడమే లక్ష్యమైనప్పుడు ఈ పద్ధతులు ఆ లక్ష్యాన్నే దెబ్బతీస్తాయి. మోడులో రంధ్రం చేసి ఇంగువ పెట్టే ఆచారం కొన్నిచోట్ల ఉన్నది. ఇది ఆధారపడదగిన పద్ధతి కాదు.

కోసిన వెంటనే మోడుపై కలుపుమందు పూసే పద్ధతి కూడా ఉన్నది. మందు బెరడు క్రింద ఉన్న సజీవమైన పొర ద్వారా వేళ్ళకు చేరుతుంది. ఆలస్యమైతే కోసిన భాగం ఆరిపోయి మందు లోపలికి పోదు. ఇందుకు వాడే మందులలో గ్లైఫోసేట్ ఒకటి. దీని వాడకంపై ఆంక్షలు విధిస్తూ 2022 అక్టోబరులో భారత ప్రభుత్వం ఉత్తర్వు వెలువరించింది. తినే కూరగాయలు, ఆకుకూరలు పెంచదలచిన పెరటి తోటలో ఇటువంటి మందులను వాడకుండా చేతితో తీయడమే మంచిది.

మోడుకు నిప్పు పెట్టడం ప్రమాదకరం. పైకి ఆరినట్లు కనిపించినా నేలలోని ఎండు వేరు వెంట నిప్పు రగులుతూ ఉండవచ్చును. గన్నేరు విషయంలో ఇది మరింత అపాయకరం.

జాగ్రత్తలు

- గన్నేరు (నీరియమ్ ఒలియాండర్), పచ్చగన్నేరు మొక్కలలో అన్ని భాగాలు విషపూరితం. గన్నేరులో ఉండే ఒలియాండ్రిన్ అనే పదార్థం గుండెపై పనిచేస్తుంది. ఆకులు ఎండినా విషం పోదు. నరికిన కొమ్మలను పశువులు మేసే చోట, నీటి తొట్టెల వద్ద వేయకూడదు. వాటిని కాల్చిన పొగ పీల్చకూడదు. పుల్లలను వంటచెరకుగా వాడకూడదు.
- జిల్లేడు పాలు కంటిలో పడితే చూపుకు హాని కలుగుతుంది. వెంటనే మంచినీటితో ఎక్కువసేపు కడిగి వైద్యుని సంప్రదించాలి.
- పాత మొదళ్ళ క్రింద ఉన్న బొరియలలో పాములు, తేళ్ళు, జెర్రులు ఉండవచ్చును. చేతిని లోపలికి పోనివ్వకుండా ముందు కర్రతో కదిలించి చూడాలి. మోకాలి వరకు వచ్చే బూట్లు, మందమైన చేతితొడుగులు ధరించాలి.
- సర్కారు తుమ్మ, రేగు, కాగితపు పూల తీగ ముళ్ళు లోతుగా దిగి చీము పడతాయి. ముల్లు గాని, తుప్పు పట్టిన పనిముట్టు గాని గుచ్చుకుంటే టెటనస్ ఇంజెక్షన్ విషయమై వైద్యుని సలహా తీసుకోవాలి.
- త్రవ్వడానికి ముందు నీటిగొట్టాలు, మురుగు గొట్టాలు, విద్యుత్ తీగలు, ఎర్తింగ్ గుంత ఎక్కడ ఉన్నవో తెలుసుకోవాలి. వేళ్ళు తేమను వెదుకుతూ పగిలిన మురుగు గొట్టాలలోకి చేరడం సాధారణం. అటువంటి చోట మొదలును లాగితే గొట్టం కూడా విరుగుతుంది.
- గొడ్డలి ఎత్తేటప్పుడు, మోకు లాగేటప్పుడు ఎదురుగా ఎవరూ ఉండకూడదు. తెగిన మోకు కొరడావలె వెనుకకు వస్తుంది.
- వేసవిలో ఈ పనిని ఉదయం, సాయంత్రం వేళలలో మాత్రమే చేయాలి.

పెరటి పొదలకు కాక చెట్లకు సంబంధించిన పనియైతే చట్టాన్ని కూడా గమనించాలి. 2002 నాటి ఆంధ్రప్రదేశ్ నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం (వాల్టా) ప్రకారం చెట్లను నరకడానికి అనుమతి తీసుకోవలసి ఉంటుంది.

గుంతను సిద్ధం చేయడం, తిరిగి నాటడం

మొదలు తీసిన గుంతను వెంటనే పూడ్చకూడదు. కనీసం 15 నుండి 30 రోజులు ఎండకు వదిలితే శిలీంధ్రాలు, పురుగుల గుడ్లు కొంతవరకు నశిస్తాయి. నులిపురుగులు గాని, వేరుకుళ్ళు గాని కనిపించినచోట సౌరతాపన పద్ధతిని అనుసరించవచ్చును. నేలను చదును చేసి, తడిపి, పలుచని పారదర్శకమైన పాలిథీన్ షీటుతో కప్పి, అంచులను మట్టితో మూసి, నాలుగు నుండి ఆరు వారాలు ఉంచాలి. ఎండవేడి షీటు క్రింద నిలిచిపోయి మట్టిని వేడెక్కిస్తుంది. ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు 1976లో ఈ పద్ధతిని గురించి ప్రచురించిన తరువాత ఇది అనేక దేశాలలో వ్యాపించింది. ఎండ తీవ్రంగా ఉండే తెలుగు ప్రాంతాల వేసవి దీనికి బాగా అనుకూలం. అయితే లోతు పొరలలో దీని ప్రభావం తక్కువ.

గుంతను పూడ్చేటప్పుడు మొదట అడుగు మట్టిని, తరువాత పై మట్టిని వేయాలి. పై మట్టిలో బాగా చివికిన పశువుల ఎరువును మూడవ వంతు వరకు కలపవచ్చును. గుంతకు అర కిలో నుండి ఒక కిలో వేపపిండి కలపడం నులిపురుగులను, చెదలను అరికట్టడానికి తోడ్పడుతుంది. పచ్చి రంపపు పొట్టును, కలప ముక్కలను మాత్రం మట్టిలో కలపకూడదు. వాటిని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని తామే వాడుకొనడం వలన కొత్త మొక్క ఆకులు పసుపుబారతాయి. అవే ముక్కలను నేల పైన పరచితే తేమను కాపాడతాయి.

పాత జాతినే అదే స్థలంలో నాటదలచినప్పుడు, ముఖ్యంగా గులాబీ విషయంలో, మట్టిని మార్చడం ఉత్తమం. రెండు అడుగుల పొడవు, వెడల్పు, లోతు గల గుంతలో 8 ఘనపుటడుగుల మట్టి ఉంటుంది. దీని బరువు సుమారు 300 కిలోలు. ఇంత మట్టిని మార్చడం కష్టమనుకుంటే కొత్త మొక్కను పాత గుంతకు మూడు నాలుగు అడుగుల దూరంలో నాటవచ్చును, లేదా వేరొక కుటుంబానికి చెందిన మొక్కను ఎంచుకోవచ్చును. ఒక కాలం పాటు ఆ స్థలంలో బంతి మొక్కలను పెంచితే నులిపురుగులు తగ్గుతాయి.

పూడ్చిన మట్టి ఒకటి రెండు వానలకు అణగిపోతుంది. అందుచేత నేలమట్టానికి మూడు నాలుగు అంగుళాల ఎత్తుగా మట్టిని పోసి, బాగా అణగిన తరువాతనే మొక్కను నాటాలి. లేనిచో మొక్కతో పాటు మట్టి క్రుంగి, మొదలు వద్ద నీరు నిలిచి, మొదలుకుళ్ళు తెగులు సోకుతుంది.

తొలగించిన మొదళ్ళ ఉపయోగాలు

ఆరోగ్యంగా ఉన్న పాత కాగితపు పూల మొదళ్ళు బోన్సాయ్ పెంపకానికి ఎంతో అనువైనవి. లావైన, వంకరలు తిరిగిన మొదలును పారవేయకుండా కుండీలో నాటితే తిరిగి చిగురిస్తుంది. సర్కారు తుమ్మ మొద్దులు మంచి వంటచెరకు. వాటినుండి బొగ్గు కూడా తయారుచేస్తారు. మందారం, నందివర్ధనం వంటి వాటి కొమ్మలను తుంచి కొత్త కత్తిరింపులుగా నాటవచ్చును. తెగులు సోకిన మొదళ్ళను, నులిపురుగు ముడులున్న వేళ్ళను మాత్రం ఎరువు గుంతలో వేయకూడదు. వాటిని బాగా ఎండబెట్టి, తోటకు దూరంగా కాల్చివేయాలి. గన్నేరును మాత్రం కాల్చరాదు, లోతైన గుంతలో పూడ్చాలి.

తరువాతి పర్యవేక్షణ

మొదలు తీసిన తరువాత కనీసం ఒక సంవత్సరం పాటు ఆ స్థలాన్ని, దాని చుట్టూ ఆరు అడుగుల మేర నేలను గమనిస్తూ ఉండాలి. ముఖ్యంగా వానాకాలంలో 15 రోజులకొకసారి చూడాలి. పాత జాతి రెమ్మ కనిపిస్తే దానిని పైకి త్రుంచక, మట్టిని కొద్దిగా తొలిచి అది పుట్టిన వేరుముక్కతో సహా తీసివేయాలి. లేతగా ఉన్నప్పుడు ఈ పని చేతితోనే అవుతుంది. కాండం చేవదేరిన తరువాత మళ్ళీ గడ్డపార అవసరమవుతుంది. కొత్త మొక్క వేళ్ళు చుట్టూ వ్యాపించిన తరువాత పాత వేళ్ళ కోసం త్రవ్వితే కొత్త మొక్క దెబ్బతింటుంది. కనుక మొదటి సంవత్సరపు శ్రద్ధ ముఖ్యం.